రామనగర కొండ, రాబందులు, మా మామ పట్టుగూళ్ళు

రాబందుల మీద కూడా ఎవరైనా జ్ఞాపకాలు రాస్తారా అని మా ఆవిడ నవ్వింది. పిచ్చుకల మీద రాస్తారు, కోయిల మీద రాస్తారు, రాబందు పేరెత్తితేనే కీడు అనుకుంటారు మనవాళ్ళు, ఇంక జ్ఞాపకాలా! ఆమె మాటలో తప్పేం లేదు. కానీ నా చిన్నప్పుడు బెంగళూరు ప్రయాణం అంటే లాల్‌బాగూ విధానసౌధా కాదు, ఊరు దాటి మైసూరు రోడ్డు పట్టుకుని పోతే వచ్చే రామనగర, అక్కడి బండ కొండలు, వాటి మీద తిరిగే రాబందులు. ఇప్పుడు ఆ కొండ రాబందుల అభయారణ్యం. నేను చూసిన రోజుల్లో అభయారణ్యం లేదు గానీ రాబందులు ఉండేవి.

మాది హిందూపురం దగ్గర పల్లె. ఎనభైల్లో మా వైపు చాలామంది వేరుశనగ మీద విసుగొచ్చి మల్బరీ పెట్టారు. అందులో మా మామ ఒకడు, అమ్మకు తమ్ముడు. పట్టుపురుగుల పెంపకం అంటే ఇంట్లో పసిబిడ్డ ఉన్నట్టే, పురుగుకు జ్వరం వచ్చిందంటే (అంటే పాత చర్మం విడిచే ముందు మేత మానేసి పడుకుంటుంది, దాన్నే జ్వరం అంటారు) అత్త గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. చంద్రికల (పురుగులు గూళ్ళు అల్లుకోవడానికి పెట్టే వెదురు తట్టల) మీద గూళ్ళు కట్టాక ఇంక ఆగడానికి లేదు. ఆలస్యమైతే లోపలి పురుగు రెక్కలు తెచ్చుకుని గూడు తొలుచుకుని బయటికొచ్చేస్తుంది, తొలిచిన గూడు దారానికి పనికిరాదు. అందుకని పండగ అనీ పబ్బం అనీ చూడకుండా మూటలు కట్టి బయల్దేరాల్సిందే. హిందూపురంలోనే మార్కెట్టు ఉంది, కానీ మామకు అక్కడి రేటు నచ్చేది కాదు. రామనగరది పెద్ద మార్కెట్టు, ఆసియాలోకెల్లా పెద్దదని పేరు, బస్సు ఛార్జీలు పోయినా నాలుగు డబ్బులు మిగుల్తాయని ఆయన లెక్క. ఆ లెక్క ఎప్పుడైనా కుదిరిందో లేదో అత్తకే తెలియాలి.

సెలవుల్లో నన్ను వెంట తీసుకుపోయేవాడు, మూటలకు కాపలా. రాత్రి బస్సెక్కితే గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా తెల్లవారుజామున బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు. బస్సు టాపు మీద నుంచి మూటలు దించుకునేటప్పుడు కూలీలతో గొడవ, లగేజీ ఛార్జీ దగ్గర కండక్టరుతో గొడవ, సగం కన్నడం సగం తెలుగు, మామ నోటికి ఏ భాషలోనూ అడ్డు లేదు. మళ్ళీ మైసూరు బస్సు. బిడదిలో ఆగితే తట్టె ఇడ్లీ. పళ్ళెం అంత ఇడ్లీ, మీద వెన్న ముద్ద. నేను ఆ ఇడ్లీ కోసమే వచ్చేవాణ్ణని మామ అందరికీ చెప్పేవాడు.

రామనగర వచ్చిందని కళ్ళు మూసుకున్నా తెలిసేది. దారం తీసే ఇళ్ళలో గూళ్ళు వేడినీళ్ళలో ఉడికే కమురు వాసన, ఉడికిన పురుగు వాసన, ఊరంతా అదే. మార్కెట్లో గూళ్ళను తొట్లలో పోసేవాళ్ళు, దారం తీసేవాళ్ళు వచ్చి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున ఉన్నవి తీసి చూసేవాళ్ళు, పైన మంచివి పరిచి అడుగున మచ్చవి పోస్తారని రైతు మీద వాళ్ళకు అనుమానం, తూకంలో కొడతారని వాళ్ళ మీద రైతుకు అనుమానం. ఒక గూడు తీసి బొటనవేలితో నొక్కి, చెవి దగ్గర ఆడించి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు ఒక ముసలాయన. ఆయన వెళ్ళిపోయాడంటే మామ మొహం మాడేది.

వేలం మొదలవడానికి ఇంకా టైముందనగా మామ బయటికొచ్చి బీడీ ముట్టించి కొండ వైపు చూసేవాడు. అదొక శకునం ఆయనకు. "రేయ్ అల్లుడూ, చూడ్రా, పైకి లేసినాయా?" అనేవాడు. రాబందులు అప్పటికే గాల్లో గుండ్రంగా తిరుగుతుంటే ఈ పొద్దు రేటు బాగుంటాదని. బండల మీదే కూర్చుని ఉంటే, "ఇంకా కూసోనే ఉండాయి, ఈ రోజు మన బతుకింతే" అని బీడీ పారేసేవాడు. లోకమంతా రాబందు కనబడితే మంచిది కాదంటుంటే మా మామ వాటిని చూసి గూళ్ళు అమ్మేవాడు!

ఇందులో పూర్తిగా పిచ్చి లేదని నాకు చాలా ఏళ్ళకు తోచింది. రాబందు బరువైన పక్షి, కాకిలాగా రెక్కలు కొట్టుకుంటూ ఎక్కువ దూరం పోలేదు. ఎండకు బండ వేడెక్కి, గాలి వెచ్చబడి పైకి లేస్తే, ఆ గాలిని ఆసరా చేసుకుని రెక్క కదపకుండా ఎక్కుతుంది. ఎండ బాగా కాసి ఆకాశం తేటగా ఉన్న రోజున అవి తొందరగా లేస్తాయి, ముసురు పట్టిన రోజున కొండ దిగవు. గూళ్ళ సంగతీ అంతే, చెమ్మ తగిలిన గూడు దారం సరిగ్గా ఇవ్వదు, ముసురు రోజుల్లో కొనేవాడు వెనకాడతాడు. పక్షులూ రేటూ రెండూ ఎండనే నమ్ముకున్నాయి, మామ మధ్యలో దారం కలిపాడు.

అమ్మకం అయ్యాక డబ్బు చేతికొచ్చేలోపు ఖాళీ ఉంటే కొండకు పోయేవాళ్ళం. రామదేవర బెట్ట అంటారు, పైన రాముడి గుడి, గుడి పక్కన కోనేరు, వనవాసంలో రాముడు ఇక్కడికొచ్చాడని స్థలపురాణం. అందరికీ తెలిసిన హిందీ సినిమా షోలే షూటింగ్ డెబ్భైల్లో అక్కడే జరిగింది కాబట్టి వచ్చేవాళ్ళలో సగం మంది దొంగల డెన్ ఎక్కడా అని అడిగేవాళ్ళే. ఆ ఊరిని తెల్లవాళ్ళ కాలంలో క్లోజ్‌పేట అనేవాళ్ళు, మైసూరులో రెసిడెంటుగా (అంటే వాళ్ళ ప్రతినిధిగా) ఉన్న బారీ క్లోజ్ పేరు మీద. ఊరి పేరు మారిపోయినా రాతికి ఆ పేరు ఉండిపోయింది, భూగర్భశాస్త్రంలో క్లోజ్‌పేట గ్రానైట్ అంటే ఇదే, దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి.

మెట్లెక్కుతుంటే ఎదురుగా నిటారు బండ. బండ మీద అక్కడక్కడా పై నుంచి కిందికి తెల్లటి చారలు, గోడ మీద సున్నం ఒలికినట్టు. అవి రాబందుల రెట్టలని, చార ఎక్కడ మొదలైతే అక్కడ గూడు ఉంటుందని గుడి దగ్గర టెంకాయలు అమ్మే ఆయన చూపించాడు. అప్పటి నుంచి కొండ చూడగానే నా కళ్ళు చారల కోసం వెతికేవి. గూడు అంటే పెద్ద హంగేమీ కాదు, చరియ మీద నాలుగు పుల్లలూ కాస్త ఆకూ అలమూ, అందులో ఏడాదికి ఒక్కటే గుడ్డు. ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి. ఒకసారి మెట్ల మలుపులో కాస్త దగ్గరగా, మాకంటే కొంచెం కింద ఉన్న బండ మీద ఒకటి కూర్చుని ఉంది. రెండు రెక్కలూ పూర్తిగా చాపి ఎండకు ఆరబెట్టుకుంటోంది. బోడి మెడ, మెడ మొదట్లో తెల్లటి తూలిక, పొడుగాటి ముక్కు. మమ్మల్ని చూసి కూడా రెక్కలు ముడవలేదు. కాసేపటికి దానంతట అదే ముందుకు వంగి బండ మీద నుంచి జారిపోయింది, ఎగరలేదు, జారింది. మా తలల మీదుగా తిరిగి వెళ్ళేటప్పుడు ఈకల సందుల్లో గాలి సుయ్యిమనడం వినబడింది. మామ దణ్ణం పెట్టాడు.

దణ్ణం ఎందుకంటే లేపాక్షి మా ఊరికి దగ్గర. జటాయువు పడిన చోటు అదేనని మా వైపు నమ్మకం. మా జేజి అయితే రాబందు మీద రాయి విసిరితే వీపు పగలగొట్టేది. "జటాయువు వంశంరా అది, సీతమ్మ కోసం ప్రాణం ఇడిసింది" అనేది. అలాగని వాటిని ఇంటికి పిలిచి అన్నం పెట్టేవాళ్ళం కాదు లెండి, వాటి చోటు వంక, అంటే వాగు. ఊరి బయట వంకలో చచ్చిన గొడ్డును వేసేవాళ్ళు, తోలు తీసేవాళ్ళు తోలు తీసుకుని పోయేవాళ్ళు, ఆ తర్వాత పైన ఒక చుక్క కనబడేది, దాన్ని చూసి ఇంకోటి, దాన్ని చూసి మరోటి, కాసేపటికి దిగడం మొదలు. దిగేటప్పుడు కాళ్ళు ముందుకు చాపి దిగేవి. తిండి దగ్గర వాటి కొట్లాట, ఆ కీచు అరుపులు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కడం, మేం వంక గట్టు మీద ముక్కు మూసుకుని కూర్చుని చూసేవాళ్ళం. సాయంత్రానికి ఎద్దంత ఎద్దు, ఎముకలే. కుక్కలు చుట్టూ తిరిగేవే తప్ప వాటికి మిగిలేది తక్కువ. మా వంకలో దిగేవి రామనగర రాబందులేనని మామ వాదించేవాడు, అంత దూరం ఎట్లా వస్తాయని జేజి కొట్టిపారేసేది. ఈ జాతి రాబందులు తిండి కోసం వంద కిలోమీటర్లు దాటి కూడా పోతాయని తర్వాత చదివినప్పుడు, ఈ వాదనలో మామకు కనీసం సగం మార్కులు వేయొచ్చు అనిపించింది.

1996లో నేను బెంగళూరు వచ్చి పీణ్యాలో ఉద్యోగంలో పడ్డాను. ఆ ఏళ్ళలో ఆకాశం చూసే తీరిక ఎవరికుంది, షిఫ్టులు, రూము అద్దె, యశ్వంతపూర్‌లో తెలుగువాళ్ళ మెస్సు, ఆదివారం బట్టలు ఉతుక్కోవడం. మామ గూళ్ళతో వచ్చినప్పుడు మెజెస్టిక్‌లో కలిసేవాణ్ణి, అత్త పంపిన ఓళిగలు ఇచ్చి పోయేవాడు. అలా ఒకసారి వచ్చినప్పుడు టీ తాగుతూ, "కొండ మీద పిట్టలు లేవురా ఇప్పుడు. ఎప్పుడు లేస్తాయో చూద్దామంటే లేసేదానికే లేవు" అన్నాడు. రేటు పడిపోయిన దిగులులో అన్నాడనుకున్నాను, చైనా పట్టు వచ్చి మన గూళ్ళ ధర కూలిపోతున్న రోజులవి. ఊరికి పోయినప్పుడు చూస్తే వంకలోనూ అంతే. చచ్చిన గొడ్డు పడి ఉంది, కుక్కలున్నాయి, కాకులున్నాయి, పైన ఏమీ లేదు. వాసన ఊళ్ళోకి కొడుతోంది. జేజి పోయింది గాని, ఉంటే ఏమనేదో.

ఏమైందో ప్రపంచానికి తెలియడానికే కొన్నేళ్ళు పట్టింది. రాజస్థాన్‌లో భరత్‌పూర్ పార్కులో రాబందులు మెడలు వాల్చేసి కూర్చుని చచ్చిపోతున్నాయని ముందు గమనించింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీలో పనిచేసే విభు ప్రకాశ్. వైరస్ అనుకున్నారు, విషం అనుకున్నారు. చివరికి పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి చూసిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో అసలు కారణం చెప్పింది. డైక్లోఫెనాక్. మనం నడుం నొప్పికి మింగే మాత్రే, గొడ్డుకు ఇంజెక్షన్‌గా ఇచ్చేవాళ్ళు. జ్వరమొచ్చినా వాపొచ్చినా కుంటినా అదే సూది, చవక, పొద్దున వేస్తే సాయంత్రానికి లేచి నిలబడేది, మా ఇళ్ళల్లోనూ ఆ సూదికి మంచి పేరు. గొడ్డు బతికితే గొడవ లేదు. సూది పడ్డాక రెండు మూడు రోజుల్లో చచ్చిపోతే మందు ఒంట్లోనే ఉంటుంది, ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై, యూరిక్ ఆమ్లం గుండె మీదా కాలేయం మీదా తెల్లటి పొడిలాగా పేరుకుపోయి, రోజుల్లో చచ్చిపోతుంది. అన్ని గొడ్లలోనూ మందు ఉండక్కర్లేదు, నూటికి ఒకటి కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఒక్క గొడ్డు మీద గుంపు గుంపే దిగుతుంది. గుంపుగా తినడమే వాటి కొంప ముంచింది.

1992 నుంచి 2007 లోపల మన దేశంలో తెల్ల నడుము రాబందులు వెయ్యికి ఒకటి మిగిలాయి. రామనగర బండల మీద గూడు పెట్టే పొడుగు ముక్కు రాబందులు నూటికి మూడు. పెద్దపులి కోసం 1973లోనే ప్రాజెక్టు పెట్టాం, ఏనుగు కోసం 1992లో పెట్టాం, రాబందు మాత్రం కళ్ళ ముందే కోట్ల లెక్కన పోయింది, పోతున్నప్పుడు ఎవరికీ పట్టలేదు. అందం లేకపోతే మనుషులకే విలువ ఇవ్వని వాళ్ళం, పక్షికి ఇస్తామా.

2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించారు. వెంటనే జరిగింది ఏమిటంటే, మనుషుల కోసం అమ్మే పెద్ద సీసా కొని గొడ్లకు ఎక్కించడం. ఆ కిటుకు ఆపడానికి 2015లో మనుషుల సీసాను కూడా 3 మిల్లీలీటర్లకు కుదించాల్సి వచ్చింది, దాంతో ఆవుకు వెయ్యాలంటే బోలెడు సీసాలు పగలగొట్టాలి. ఆ తర్వాత ఎసిక్లోఫెనాక్ అని ఇంకోటి, అది ఆవు ఒంట్లోకి పోయాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది! దాన్నీ కీటోప్రొఫెన్‌నీ 2023లో నిషేధించారు. మెలాక్సికామ్ అని రాబందుకు హాని చేయని మందు ఉందని 2006 నాటికే తెలుసు.

రామదేవర బెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు, 346 హెక్టార్లు. పేపర్లో చూసి మా అబ్బాయిని తీసుకుని వెళ్ళాను. వాడికి అప్పటిదాకా రాబందు అంటే మా అపార్ట్‌మెంటు వాటర్ ట్యాంకు మీద వాలే గద్దే, అది వేరురా అంటే నమ్మడు. కొండకు గేటు వచ్చింది, టికెట్టు వచ్చింది, బోర్డుల మీద రాబందుల బొమ్మలు. ఇదివరకు తాళ్ళు కట్టుకుని బండలెక్కే కుర్రాళ్ళు శని ఆదివారాలు ఈ చరియల మీదే ఉండేవాళ్ళు, గూళ్ళున్న వైపు ఇప్పుడు ఎవరూ ఎక్కకూడదు. అది మంచి పని. చలికాలంలో గుడ్డు పెట్టాక మనిషి అలికిడికి తల్లి లేచిపోతే గుడ్డు చల్లబడటమో కాకి ఎత్తుకుపోవడమో జరుగుతుంది, ఏడాదికి ఉన్నదే ఒక్క గుడ్డు.

పొద్దెక్కేదాకా కూర్చున్నాం. ముందు ఒక తెల్ల రాబందు వచ్చింది, పసుపు మొహం, తెల్ల ఒళ్ళు, రెక్కల అంచు నలుపు, చిన్నది, పల్లెల్లో దీన్ని పీతిరిగద్ద అంటారు. మావాడు ఫోటోలు తీసుకుని ఇంక పోదాం అన్నాడు. ఇంకాసేపు అన్నాను. ఎండ ముదిరాక బండ వెనక నుంచి ఒక పొడుగు ముక్కు రాబందు లేచింది, తిరిగి తిరిగి ఎత్తుకు పోయింది. ఒకే ఒక్కటి. తెల్ల చారలు మాత్రం బండ మీద చాలాచోట్ల ఉన్నాయి, పాతబడి మసకగా. గార్డు ఒకాయన కన్నడంలో చెప్పాడు, రణహద్దు (అంటే రాబందు) ఇక్కడ పడుకుంటుంది గానీ తిండి ఇక్కడ లేదు సార్, బయటికి పోతుంది, బయట ఏం తింటుందో మేం చూడలేం అని. ఆయన ఒక్క మాటలో చెప్పింది నేను పేజీలు పేజీలు చదివి తెలుసుకున్నాను. కొండకు కంచె వేయొచ్చు, రామనగర నుంచి హిందూపురం దాకా ఉన్న పశువుల కొట్టాలకు ఎవరు వేస్తారు?

అదే అబ్బాయి ఇప్పుడు నన్ను మైసూరుకు తీసుకుపోతుంటే కొత్త ఎక్స్‌ప్రెస్ హైవే మీద బిడదీ రాదు, రామనగరా రాదు, రెండూ పక్కకు ఉండిపోయాయి. పాత రోడ్డున పోదామంటే గంట లేటవుతుంది నాన్నా అంటాడు. తట్టె ఇడ్లీ బెంగళూరులో ప్రతి సందులోనూ దొరుకుతుంది కాబట్టి ఆ వంకా చెల్లదు.

మామకు ఇప్పుడు డెబ్భై దాటాయి, మల్బరీ ఎప్పుడో పీకేశారు, కొడుకు సీమావులు పెట్టి డెయిరీకి పాలు పోస్తున్నాడు. పోయిన వేసవిలో ఊరికి పోయినప్పుడు ఒక ఆవుకు జ్వరమని కాంపౌండరును పిలిచారు. నేను సీసా అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని పేరు చదివాను. మెలాక్సికామే. "ఏం బావా, నువ్వేమన్నా డ్రగ్ ఇన్‌స్పెక్టరువా?" అని బావమరిది ఎగతాళి. రాబందుల సంగతి చెప్తే కాంపౌండరుకు తెలుసు, ట్రైనింగులో చెప్పారట. బావమరిదికి తెలియదు, కానీ మందు మంచిదైతే చాలు నాకు, అన్నాడు.

అక్కడికి సంతోషించాను. ఆ వారంలోనే ఇంకో ఆవు కడుపుబ్బి చచ్చిపోయింది. జేసీబీ పిలిపించి పొలం గట్టున గొయ్యి తీసి, ఉప్పూ సున్నమూ చల్లి పూడ్చేశారు. ఇప్పుడు అందరూ అంతే చేస్తున్నారట. వంకలో వేయొచ్చు కదా, మందు మంచిదే వేశారు కదా అన్నాను.

"వంకలోనా? వంక ఏడుంది బావా, లేఅవుట్ ఏసినారు. ఇంగ కుక్కలంటావా, పోయిన సంవత్సరం మేకపిల్లల్ని ఎత్తకపోయినాయి, పక్కూర్లో పిల్లోణ్ణి కరిసినాయి. గొడ్డును బయట పడేసినామనుకో, నీ రాబందు వచ్చేలోపల ఊర్లో కుక్కలన్నీ ఈడే ఉంటాయి. ఆమీద పంచాయితీ ఎవరికి?"

మామ మంచం మీద నుంచి అంతా వింటున్నాడు. "వాడు చెప్పేదీ నిజమే లేరా" అన్నాడు. తర్వాత బీడీ కోసం దిండు కింద తడుముతూ, కొండ మీద ఇంకా ఎన్ని ఉన్నాయని నన్ను అడిగాడు. నేను ఒకటి చూశానని చెప్పాను.